వ్రేలికొసకు అందిన లోకము

జనము లేనిచోట మనుష్యుడు ఒంటరివాడగుట సహజము. నలుగురి నడుమ నుండియు, తన మాట ఒరులకు చేరు మార్గము లేకయో, ఒరుల మాట తనకు చేరు మార్గము లేకయో ఒంటరియైనవాని దుఃఖము అంతకంటె దుస్సహమైనది. అడవిలో నున్నవాడు ఊరికి నడచి రావచ్చును. ఊరిలోనే యుండి ఒంటరియైనవాడు ఎక్కడికి నడచిపోవలెను? ఇట్టి ఒంటరితనమును తొలగించుటకై సాధనములను కల్పించిన వారిలో శాస్త్రజ్ఞులు కలరు, పరోపకారపరాయణులైన ధనికులు కలరు. కాని వారందరికంటెను చిరస్థాయియైన కార్యమును సాధించినవాడు, ఇంకను తరగతిలో కూర్చుండి పాఠములు అప్పగించు ప్రాయముననే, తీరిక దొరకినపుడెల్ల కాగితముపై చుక్కలు పొడుచుచు ఆలోచించిన ఒక విద్యార్థి. అతని పేరు లూయీ బ్రెయిల్. అతడు కనుగొన్న లిపి అంధులచేత పుస్తకములు చదివించిన లిపిగానే మనలో పెక్కుమంది యెరుగుదురు. అంతకంటె ముఖ్యమైన దాని మహిమ వేరొకటి కలదు: అది ఒంటరియైనవానిచేత మాటలాడించిన సాధనము. ఆ విద్యార్థి కథలో, నేడు ఇట్టి సాధనములను కల్పింపగోరు విద్యార్థులు తెలిసికొనవలసిన ధర్మసూక్ష్మము కూడ ఇమిడియున్నది.

పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రాన్సు దేశమున అంధులకు విధి నియమించిన వృత్తి యాచకత్వమే యని లోకులు తలచుచుండిరి. చర్చి వాకిళ్ళ యొద్ద చేయి చాచుట, కాదేని సంతలలో వినోదవస్తువులగుట – ఇంతకు మించి సంఘము వారికి చూపిన త్రోవ దాదాపు లేదు. 1771వ సంవత్సరమున పారిస్ నగరములోని సెంట్ ఒవీద్ సంతలో కొందరంధులకు వికృతవేషములు వేసి, గాజులు లేని పెద్ద కళ్ళజోళ్ళు తగిలించి, వారు చదువలేని సంగీతపు కాగితములను ఎదుట నిలిపి, అపశ్రుతులతో వాద్యములు వాయింపజేయుచుండగా, చుట్టు మూగిన జనము విరగబడి నవ్వుచుండెను. ఆ గుంపులో నవ్వలేకపోయినవాడు వాలెంటిన్ హావీ యను భాషావేత్త. ఆ యవమానమునకు మూలము వారి కన్నులలో గాక, వారికి విద్య యందనీయని లోకపు అలక్ష్యములో నున్నదని ఆయన గ్రహించెను. 1784లో బిచ్చమెత్తుకొని బ్రతుకుచున్న ఫ్రాన్స్వా లెసూర్ అను అంధయువకుని పిలిచి, భిక్షాటనచే అతడు గడించు పైకమును తానే యిచ్చి చదువు చెప్పెను. మరుసటి యేడు, అనగా 1785లో, అంధబాలుర కొరకు లోకమున మొట్టమొదటి పాఠశాలను పారిస్‌లో నెలకొల్పెను.

హావీ అవలంబించిన పద్ధతి తేలికగా బోధపడునట్టిదే. లాటిన్ అక్షరములను పెద్దవిగా అచ్చు పోసి, తడిపిన దళసరి కాగితముపై బలముగా నొక్కినచో అవి ఉబ్బెత్తుగా తేలును. వానిని వ్రేళ్ళతో తడిమి, ఒక్కొక్క గీతను, ఒక్కొక్క వంపును గుర్తించి, అక్షరములు కూడబలుకుకొని చదువవలెను. అంధుడు చదువగలడని లోకమునకు చాటిన ఆ మహానుభావుని ఋణము తీరునది కాదు. అయినను ఆ పద్ధతిలో రెండు లోపములుండెను. కంటికి ఇంపుగా నుండు వంపులు వ్రేలికి అయోమయములు; ఒక వాక్యము ముగియునప్పటికి దాని మొదలు మరపునకు వచ్చునంత మెల్లగా చదువు సాగుచుండెను. రెండవ లోపము మరింత లోతైనది. అట్టి యక్షరములను అచ్చు యంత్రము వేయగలదే గాని, అంధుడు తన చేతితో సులభముగా వ్రాసికొనజాలడు. చదువు వచ్చినను వ్రాత రాని వాడు ఎల్లప్పుడు శ్రోతయే. అతనికి ఇతరులు చెప్పుచుందురు, అతడు ఎవరికిని చెప్పలేడు.

లూయీ బ్రెయిల్ 1809 జనవరి 4వ తేదీన పారిస్‌కు తూర్పుగా ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరముననున్న కూవ్రే యను పల్లెలో జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులను, కళ్ళెములను కుట్టి జీవించువాడు. మూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు తండ్రి పనిచేయు గదిలో తోలుపనికి వాడు వాడియైన పనిముట్టుతో ఆడుకొనుచుండగా అది కంటిలో గ్రుచ్చుకొనెను. గాయము చీము పట్టి, ఆ దోషము రెండవ కంటికి కూడ ప్రాకి, అయిదేండ్లు నిండునప్పటికి అతనికి చూపు పూర్తిగా పోయెను. ఆ తల్లిదండ్రులు బిడ్డను మూల కూర్చుండబెట్టక, తోడి పిల్లలతో పాటు ఊరి బడికి పంపిరి; తండ్రి కొయ్యపలకపై మేకులు దిగగొట్టి అక్షరముల ఆకారములను తడిమి నేర్చుకొనునట్లు చేసెను. ఊరి మతగురువును, ఉపాధ్యాయుడును ఆ బాలుని మేధను గుర్తించి ప్రోత్సహించిరి. తత్ఫలితముగా 1819 ఫిబ్రవరిలో, పదేండ్ల వయస్సున, అతడు హావీ స్థాపించిన పాఠశాలలో చేరెను. ఆ పాఠశాల అప్పటికి రాజపోషిత అంధయువజన విద్యాలయమను పేర, చెమ్మ కారు గోడల పాత భవనములో నడచుచుండెను.

1821లో షార్ల్ బార్బియే అను మాజీ సైనికాధికారి తాను కల్పించిన లిపి నొకదానిని ఆ విద్యాలయమునకు తెచ్చెను. గీతలకు బదులు చుక్కలు – అదియే అందలి నూతనత్వము. భాషలోని ధ్వనులను ముప్పదియారింటిని ఏరి, వానిని ఆరు వరుసలు, ఆరు నిలువులు గల పట్టికలో నమర్చి, ఏ ధ్వని ఏ వరుసలో ఎన్నవ గడియందున్నదో ఉబ్బెత్తు చుక్కల లెక్కచే తెలుపుట ఆ పద్ధతి సారాంశము. విద్యార్థులు దానిని తడిమి ఆశ్చర్యపడిరి. వంపులలో తడబడు వ్రేలు చుక్కలను తటాలున పట్టుకొనెను. అంతకంటె విశేషము, మొనగల చువ్వ ఒకటి చేత నున్నచో ఎవడైనను ఆ చుక్కలను తానే పొడువవచ్చును. అప్పటికి బ్రెయిల్ వయస్సు పండ్రెండేండ్లు.

ఆ బాలుడు ఆ లిపిని ఆనందముతో నేర్చుకొని యూరకుండినచో అతని పేరు నేడు మనకు తెలియకపోవును. అతడు దానిని వాడి చూచి, వాడువానికి మాత్రమే గోచరించు లోపములను కనిపెట్టెను. ఒక ధ్వనికి పండ్రెండు చుక్కల వరకు పొడువవలసి యుండుటచే, ఒక్క గుర్తును చదువుటకు వ్రేలిని క్రిందికి మీదికి పలుమారు జరుపవలసి వచ్చుచుండెను. అందు వర్ణక్రమము లేదు, విరామచిహ్నములు లేవు, అంకెలు లేవు, సంగీతస్వరములకు గుర్తులు లేవు. ఏ విద్యావంతుడును అట్టి లిపితో తృప్తి చెందడు. అంధుడు మాత్రమేల తృప్తి చెందవలెను? కన్నులున్న పెద్దలకు తట్టని ఈ ప్రశ్న కన్నులు లేని బాలునకు తట్టెను, ఏలయన అతనికి కావలసినది ఏదో యొక లిపి కాదు, ఇతరులకున్న లిపియంతటి సంపూర్ణమైన లిపి. పగలు పాఠములు, పనులు ముగిసిన పిదప, సెలవులకు ఇంటికి పోయినపుడును, మూడేండ్ల పాటు అతడు చుక్కలను కూర్చుచు, తీసివేయుచు, తోటివిద్యార్థుల వ్రేళ్ళతో పరీక్షింపజేయుచు గడపెను. 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయమున, ఆ లిపి స్వరూపము దాదాపు సిద్ధమయ్యెను. 1829లో దానిని పుస్తకముగా ప్రకటించునపుడు, తనకు త్రోవ చూపినవాడు బార్బియే యని కృతజ్ఞతతో పేర్కొనుట ఆ యువకుని సౌజన్యమునకు తార్కాణము. 1837లో వెలువడిన రెండవ కూర్పులో లిపి మరింత పరిష్కృతమయ్యెను.

ఆ లిపియొక్క నిర్మాణమును కొంచెము నిదానముగా పరిశీలింతము. చుక్కలు ఆరు, నిలువుగా మూడు, వాని ప్రక్కన మరి మూడు. ఎడమ వరుసలో పైనుండి క్రిందికి ఒకటి, రెండు, మూడు అనియు, కుడి వరుసలో నాలుగు, అయిదు, ఆరు అనియు వానికి సంఖ్యలు. ఈ యారు చుక్కల గడి వ్రేలికొస క్రింద ఇమిడిపోవునంత చిన్నది. వ్రేలు కదలింపకయే ఒక యక్షరము సమగ్రముగా స్పర్శకు అందును. ఇదియే బ్రెయిల్ సాధించిన విజయములో కీలకము. ఆరు చుక్కలలో కొన్నిటిని లేపి, కొన్నిటిని విడిచినచో 63 వేర్వేరు గుర్తులు పుట్టును. వానిని అతడు తోచినట్లు పంచిపెట్టలేదు. ఫ్రెంచి వర్ణమాలలోని మొదటి పది యక్షరములకు పై నాలుగు చుక్కలనే వాడెను; తరువాతి పదింటికి ఆ మొదటి పది రూపములకే మూడవ చుక్కను చేర్చెను; ఆ పిమ్మటి వానికి మూడవ చుక్కతో పాటు ఆరవ చుక్కను గూడ చేర్చెను. పది రూపములు గుర్తున్నవానికి తక్కిన వర్ణమాల యంతయు తానై వచ్చును. సంగీతమునకు, అంకెలకు గూడ ఆ గుర్తులనే వాడు విధానమును అతడు ఏర్పరచెను.

వ్రాయు సాధనము మరింత సరళమైనది. మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసినట్లు, గడులు చెక్కిన పలకలో కాగితమును బిగించి, మొనగల చువ్వతో చుక్కలు పొడువవలెను. పొడిచిన వైపు గుంటలు, అవతలి వైపు ఉబ్బులు ఏర్పడును గనుక, కుడినుండి ఎడమకు వ్రాసి, కాగితమును త్రిప్పి, ఎడమనుండి కుడికి చదువుదురు. ఇంతే సాధనసామగ్రి. ఇది చేతికందిన నాటినుండి ఆ విద్యాలయములోని బాలుర జీవితమే మారిపోయెను. వారు పాఠములను స్వయముగా వ్రాసికొనిరి. నచ్చిన పద్యములను సేకరించుకొనిరి. ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనిరి. అంతవరకు అంధుడు ఏ ఉత్తరము పంపినను కన్నులున్న వాడొకడు వ్రాసిపెట్టవలెను, ఏ ఉత్తరము వచ్చినను మరియొకడు చదివి వినిపింపవలెను. మూడవవాని చెవిని పడని రహస్యమనునది అతని కుండుటకే వీలులేదు. ఇద్దరు స్నేహితులు తమ మనస్సులోని మాటను మరియొకరి దయ లేకుండ పంచుకొనగలుగుట స్నేహమునకు కనీసావశ్యకము. అట్టి స్వాతంత్ర్యమును ఆ బాలురకు ప్రసాదించినది వారి తోడి విద్యార్థియే.

ఇంత మేలైన సాధనమును లోకము చేతులు చాచి స్వాగతించినదని చదువరులు తలంతురేమో, అట్లు జరుగలేదు. అప్పటి విద్యాలయాధ్యక్షుడు పిన్యే విద్యార్థులను చుక్కల లిపి వాడుకొననిచ్చెను గాని, ప్రభుత్వపు ఆమోదము లభింపలేదు. 1840లో పిన్యే స్థానమున వచ్చిన దుఫో దానిని విద్యాలయమున నిషేధించెను. పాత పుస్తకములను తగులబెట్టించెనని కూడ జీవితచరిత్రకారులు వ్రాసిరి. అతని వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. అంధులకు ప్రత్యేకమైన లిపి యొకటి కల్పించినచో, వారు వ్రాసినది కన్నులున్నవారు చదువలేరు, కన్నులున్నవారు వ్రాసినది వారు చదువలేరు. అప్పుడు వారికిని సంఘమునకును నడుమ నున్న గోడ మరింత ఎత్తు పెరుగును గదా యని ఆ పెద్దల భయము. సమాజముతో కలిసి జీవింపవలెనన్నచో సమాజపు లిపినే వాడవలెనని వారి సిద్ధాంతము. వినుటకు ఇది సమంజసముగనే తోచును. అందులోని దోషమెక్కడనన్న, అందరితో సమానముగా నుండుటకై ఆ బాలుడు అందరికంటె పదిరెట్లు మెల్లగా చదువుచు, ఏమియు వ్రాయజాలక కూర్చుండవలెనని ఆ సిద్ధాంతము శాసించుచున్నది. కలయికయను పేర అది వానిని మూగవానిని చేయుచున్నది. తమలో తాము ధారాళముగా సంభాషించుకొనలేని వారు ఇతరులతో సంభాషింపగల ధైర్యమును ఎచ్చటినుండి తెచ్చుకొందురు?

దుఫో ఆ విద్యాలయమునకు అధ్యక్షుడు కాకమునుపే బ్రెయిల్ ఈ యాక్షేపణకు ప్రత్యుత్తరము సిద్ధము చేసి యుంచెను. అది వాదప్రతివాదములతో గాక మరియొక కల్పనతో నిచ్చిన ప్రత్యుత్తరము. 1839లో అతడు ప్రకటించిన చిన్న పుస్తకమున, చుక్కల కూర్పుతోనే సామాన్యమైన లాటిన్ అక్షరముల ఆకృతులను గీయు విధానమును వివరించెను. నిలువున పది చుక్కలుగల కొలత నాధారము చేసికొని, ఏ యక్షరమునకు ఏయే చోటుల చుక్కలు పొడువవలెనో సంఖ్యలతో సహా పట్టిక వేసి యిచ్చెను. ఈ పద్ధతిని అంధుడు నేర్చుకొని వ్రాసినచో, కన్నులున్న తల్లి, కన్నులున్న సోదరుడు, కన్నులున్న వర్తకుడు ఎట్టి శిక్షణయు లేకయే దానిని చదువగలరు. అయితే ఒక్కొక్క చుక్కను చేతితో పొడుచుట మిక్కిలి శ్రమతో కూడినది గనుక, అదే విద్యాలయమున పూర్వవిద్యార్థియు, అంధుడును, యంత్రనిర్మాణ నిపుణుడునైన పియేర్ ఫూకో 1840వ దశకపు ఆరంభమున పది మీటలు గల యంత్రము నొకదానిని నిర్మించెను. దూరముననున్న కుటుంబమునకు అంధుడు తన చేతులతో తానే ఉత్తరము వ్రాయగలుగుట అట్లు సాధ్యమయ్యెను. టైపు యంత్రములు బజారునకు వచ్చుటకు మూడు దశాబ్దములకు పూర్వపు ముచ్చట ఇది. మొదటి కల్పన తనవంటి వారితో కలిపినది. రెండవ కల్పన తనవంటి వారు కాని వారితో కలిపినది. ఒంటరితనమును జయించుటకు ఈ రెండును కావలెనని యెరిగినవాడు బ్రెయిల్.

తక్కిన చరిత్రను సంగ్రహముగా చెప్పుకొనవచ్చును. నిషేధము విద్యార్థుల వ్రేళ్ళను ఆపజాలకపోయెను. దుఫోకు సహాయకుడైన జోసెఫ్ గ్వాదే ఈ లిపియొక్క గుణమును గ్రహించి అధ్యక్షుని మనస్సు మార్చెను; 1844 ఫిబ్రవరిలో నూతన భవనపు ప్రారంభోత్సవ సభలో విద్యార్థులు అందరి యెదుట చుక్కలతో వ్రాసి, చదివి చూపిరి. బ్రెయిల్ 1833 నుండి ఆ విద్యాలయముననే పూర్తి స్థాయి ఉపాధ్యాయుడుగా నుండి, పారిస్ చర్చిలలో ఆర్గన్ వాద్యమును వాయించుచు, క్షయరోగముతో చిరకాలము బాధపడి, 1852 జనవరి 6న, తన నలుబదిమూడవ జన్మదినము గడచిన రెండు దినములకు పరమపదించెను. అధికారికమైన గుర్తింపు ఆయన బ్రతికియుండగా రాలేదు; 1854లో ఫ్రాన్సు ఆ లిపిని స్వీకరించెను; 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ దానిని అంధుల విద్యకు తగిన లిపిగా ఆమోదించెను. 1952లో, శతవర్ధంతి సందర్భమున, ఆయన భౌతికావశేషములను ఫ్రాన్సు జాతి తన మహాపురుషుల సమాధిమందిరమైన పాంథియోన్‌కు తరలించెను. కూవ్రే గ్రామస్థులు మాత్రము ఆయన చేతుల అస్థికలను తమ యొద్దనే యుంచుకొనిరి.

ఆ లిపి మన దేశమునకు వచ్చిన తెరగు కూడ తెలియదగినది. 1887లో అమృతసరములో భారతదేశపు మొదటి అంధుల పాఠశాల వెలసిన పిదప, ఒక్కొక్క ప్రాంతమున ఒక్కొక్కరు తమకు తోచిన రీతిగా భారతీయ భాషలకు చుక్కల లిపులను కల్పించుకొనిరి. ఒక పాఠశాల పుస్తకము మరియొక పాఠశాలలో చదువుటకు వీలులేకపోయెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ప్రభుత్వము యునెస్కో సహాయము కోరగా, సుదీర్ఘమైన సంప్రదింపుల ఫలితముగా 1951లో భారతి బ్రెయిల్ అను ఏకరూప లిపి ఏర్పడెను. లిపులు వేరైనను ధ్వనులు సమానములైన మన భాషలన్నిటికి ఒకే చుక్కలు వాడవలెననుట దానియందలి సూత్రము. తెలుగులో ‘క’ అను నక్షరమునకు ఒకటవ, మూడవ చుక్కలు, ‘మ’కు ఒకటి, మూడు, నాలుగు, ‘ల’కు ఒకటి, రెండు, మూడు. ఈ మూడు గడులను వరుసగా తడిమిన తెలుగు బాలిక ‘కమల’ యని చదువును. అవే మూడు గడులను తడిమిన హిందీ బాలుడు ‘కమల్’ అని చదువును. అక్షరమునకు పైన, క్రింద, ప్రక్కన చేరు మన గుడులు, కొమ్ములు, ఎత్వములు ఇందు హల్లు వెంట వరుసలో నిలుచు అచ్చుల గడులగును; తలకట్టునకు వేరే గడియే లేదు. కన్నులున్న మనకు ఉత్తరాది లిపి యెదుటబడినచో అక్షరము కూడ తెలియదు. బ్రెయిల్ నేర్చిన మన పిల్లలకు ఆ యక్షరములు ముందే తెలిసియుండును. 2011 జనగణన ప్రకారము మన దేశమున చూపునకు సంబంధించిన వైకల్యముగలవారు 50 లక్షలకు పైగా నున్నారనినచో ఈ లిపియొక్క ప్రయోజనము ఎంతటిదో ఊహింపవచ్చును.

బ్రెయిల్ నడచిన బాటలో నేటి విద్యార్థులును నడచుచున్నారు. 2014లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఏడవ తరగతి చదువుచుండిన భారతసంతతి బాలుడు శుభం బెనర్జీ, పిల్లలు ఆడుకొను లెగో పరికరములతో బ్రెయిల్ చుక్కలను ముద్రించు యంత్రము నొకదానిని పాఠశాల విజ్ఞానప్రదర్శనకై నిర్మించెను. బజారులో అట్టి యంత్రమునకు రెండువేల డాలర్లకు పైగా ధర పలుకుచుండగా, అతడు వాడిన లెగో సామగ్రి ఖరీదు 350 డాలర్లు. అప్పటికి అతని ప్రాయము పండ్రెండేండ్లు. బార్బియే చుక్కలను బ్రెయిల్ తొలిసారి తడిమిన ప్రాయమును అదియే. ఇంచుమించు ఆ కాలముననే గోవాలోని బిట్స్ పిలాని విద్యార్థులు కొందరు ‘ముద్ర’ యను పేర బ్రెయిల్ నేర్పు యంత్రమును తయారుచేయ నారంభించిరి. అది క్రమముగా ‘ఆనీ’ యను పరికరమై, గురువు ప్రక్కన లేనప్పుడును బాలునకు వినిపించుచు, తడిమించుచు, తప్పులు దిద్దుచు అక్షరములు నేర్పుచున్నది. అదే 2014లో హర్యానాలోని పానిపట్టు విద్యార్థి అర్ష్ షా దిల్‌బాగీ, మాట పడిపోయి, అవయవములు కదల్పలేని రోగుల కొరకు మరియొక సాధనమును రూపొందించి గూగుల్ అంతర్జాతీయ విజ్ఞానపోటీ తుదిదశకు చేరెను. ఊపిరిని పొట్టిగా నొకసారి, పొడుగుగా నొకసారి విడుచుటయే అందు అక్షరాభ్యాసము; ఆ రెండు విధముల ఊపిరిని మోర్స్ సంకేతములుగా గ్రహించి యంత్రము మాటలుగా పలుకును.

అంగవైకల్యము లేకున్నను ఒంటరియగువారు కలరు. నతాలీ హాంప్టన్ అను కాలిఫోర్నియా బాలిక తాను పూర్వము చదివిన పాఠశాలలో తోటివారి వేధింపులకు గురియై, మధ్యాహ్నభోజన సమయమున ఏ బల్ల యొద్దను చోటు దొరకక ఒంటరిగా తినుచుండెను. మరియొక పాఠశాలకు మారి స్నేహితులను సంపాదించుకొనిన పిమ్మట కూడ ఆమె ఆ దినములను మరువలేదు. 2016లో, పదునారేండ్ల వయస్సున, ‘సిట్ విత్ అజ్’ అను మొబైల్ యాప్‌ను వెలువరించెను. తమ బల్ల యొద్దకు ఎవరు వచ్చినను ఆదరించుటకు మాట ఇచ్చిన విద్యార్థులు అందు ముందుగా తమ పేర్లు నమోదు చేసికొందురు. చోటు లేనివారు ఫోనులో చూచుకొని నిస్సంకోచముగా అచ్చటికి పోవుదురు. ఇందలి సూక్ష్మమును ఒంటరిగా తిన్న వారే యెరుగుదురు. వారిని బాధించునది ఒంటరిగా తినుటకంటె, పదిమంది చూచుచుండగా ఒక బల్ల యొద్దకు పోయి, ఇక్కడ చోటు లేదనిపించుకొనుట. ఆ యవమానపు భయమును తొలగించుటయే ఆ యాప్ చేయు పని.

ఇందుకు విరుద్ధమైన అనుభవము గూడ అదే 2016లో కలిగినది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఇద్దరు విద్యార్థులు బధిరుల సంజ్ఞాభాషను మాటలుగా మార్చు చేతి తొడుగులను కల్పించి, పదివేల డాలర్ల పారితోషికము గల బహుమానమును పొందిరి. పత్రికలు వేనోళ్ళ పొగడెను. కాని సంజ్ఞాభాష నెరిగిన వారు సంతోషింపలేదు. ఆ విశ్వవిద్యాలయమున ఆ భాషను బోధించువారును, భాషాశాస్త్రజ్ఞులును బహిరంగలేఖ వ్రాసి తమ అభ్యంతరములను తెలిపిరి. సంజ్ఞాభాష చేతులలో మాత్రమే లేదు. కనుబొమల కదలికలో, పెదవుల తీరులో, శరీరపు వాలులో దాని వ్యాకరణము నెలకొనియున్నది. చేతులకు తొడుగులు వేసినంత మాత్రమున అది చిక్కదు. పైగా ఆ తొడుగులు ధరించు శ్రమ బధిరునిదే. వినగలవాడు సంజ్ఞాభాషలో ఒక్క మాటయైనను నేర్చుకొననక్కరలేదు. ఆ యువకుల సదుద్దేశమును శంకింపవలసిన పని లేదు. వారి మేధ గూడ ప్రశంసార్హమే. వారికి లోపించినది, ఎవరి కొరకై తాము శ్రమపడుచున్నారో వారిని మొట్టమొదటనే అడుగుట.

ఈ ఉదాహరణములన్నిటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము స్పష్టమగుచున్నది. మనుష్యుని ఒంటరితనమును తొలగింపగల సాధనము కేవలము బుద్ధిబలముచే పుట్టదు. ఆ ఒంటరితనముయొక్క అసలు స్వరూపము తెలిసినవాని యందు పుట్టును, లేదా అట్టివాని ప్రక్కన ఓపికతో కూర్చుండినవాని యందు పుట్టును. హావీ దయార్ద్రహృదయుడు, బార్బియే ప్రతిభావంతుడు. అయినను వారిద్దరును అంధుడు ఎట్లు చదువునో తమ కన్నులతో ఊహించిరి. బ్రెయిల్ తన వ్రేలితో తెలిసికొనెను. మన కాలముననే, ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అను ఇద్దరు అంధయువకులు – బాల్యమున అంధబాలుర సంగీతశిబిరములో స్నేహితులైనవారు – కంప్యూటరు తెరపై నున్నదానిని చదివి వినిపించు ఎన్‌వీడీఏ అను ప్రోగ్రామును నిర్మించి ఉచితముగా లోకమున కిచ్చిరి. అట్టి ప్రోగ్రాములను అమ్ము సంస్థలు అంతకుపూర్వమే యుండెను. కాని చూపులేని పేదవానికి ఆ ధర ఎంత పెద్ద గోడయో అనుభవించి తెలిసినవారు వీరు.

మన తెలుగు రాష్ట్రములలో ఏటేట వేలకొలది ఇంజనీరింగ్ విద్యార్థులు చివరి సంవత్సరమున ప్రాజెక్టు పేర ఏదో యొక పరికరమునో, యాప్‌నో తయారుచేసి సమర్పించుచున్నారు. వానిలో అంధుల కొరకు, బధిరుల కొరకు, ఒంటరి వృద్ధుల కొరకు ఉద్దేశింపబడినవి అనేకము. మార్కులు వచ్చిన మరునాడే అవి బీరువా చేరుట మిక్కిలి విచారకరము. వానిలో చాల భాగము, ఎవరి కొరకు చేయబడినవో వారి చేతిని ఒక్కసారియైనను తాకకయే అటక నెక్కుచున్నవి. కళాశాలలు ఇందుకొక చిన్న నియమమును పెట్టుకొన్నను చాలును: అట్టి ప్రాజెక్టును ఎన్నుకొను విద్యార్థి, ఒక్క పంక్తి ప్రోగ్రాము వ్రాయకముందు, తన ఊరిలోని అంధపాఠశాలలోనో, బధిరపాఠశాలలోనో, వృద్ధాశ్రమములోనో కొన్ని దినములు గడిపి, అచ్చటివారికి ఏమి కావలెనో వారి నోటనే తెలిసికొని రావలెను, వారిలో ఒకరిని తన ప్రాజెక్టులో భాగస్వామిగా చేర్చుకొనవలెను, పూర్తియైన పరికరమును పరీక్షకులతో పాటు వారును పరీక్షించి తీర్పు చెప్పవలెను. అంధబాలురకు చదువు చెప్పు పాఠశాలలును తమ విద్యార్థులను, ఇతరులు తెచ్చియిచ్చిన పరికరములను స్వీకరించు చేతులుగా మాత్రమే గాక, లోపములెంచి మేలైనవి కల్పింపగల మేధావులుగా చూడవలెను. అట్టి విశ్వాసముతో ఒక పండ్రెండేండ్ల బాలుని చేతికి పలకయు, చువ్వయు ఇచ్చినచో ఏమి సాధింపగలడో పారిస్ విద్యాలయపు చరిత్ర మనకు ఋజువు చేసియున్నది.